బొమ్మకు పదిహేడు దేశాల ఒప్పుదల

ఆ కాన్పుల ఆసుపత్రిలో వార్డుబాయ్‌ని అందరూ నిచ్చెన అని పిలిచేవారు. అతనిది మామూలు పొడుగు కాదు. ఫ్యాను ఆగిపోతే ఎలక్ట్రీషియన్ స్టూలు వెతుక్కునేలోపు ఇతను నేల మీద నిలబడే చెయ్యి చాచి, రెక్కను ఒక తిప్పు తిప్పి వదిలేవాడు. వాన ముందు అతని జుట్టు మీద పడుతుందనీ, అతని తల తడవడం చూసి కిందివాళ్ళు గొడుగులు విప్పుకుంటారనీ ఆయాలు చెప్పుకునేవారు. సరిహద్దు అవతల గొడవలు పడలేక భార్యను వెంటబెట్టుకుని, కట్టుబట్టలతో ఇవతలికి వచ్చినవాడు. వచ్చిన చాలాకాలానికి ఇప్పుడు ఆమె కడుపు పండింది. నెలలు నిండుతున్నాయి.

అంత పొడుగు మనిషి మూరెడు బొమ్మ తగిలి బోర్లాపడ్డాడు.

ఆ బొమ్మ రబ్బరుది. పుట్టగానే ఏడవని పిల్లలకు ఊపిరి ఎలా పొయ్యాలో కొత్త నర్సులకు నేర్పడానికి తెప్పించినది. ఆ పాఠం చెప్పేది సిస్టరమ్మ. ఆమె పెద్ద నర్సు. డాక్టర్లు కూడా ఆమె గొంతు వినపడితే చేతులు కడుక్కున్నామో లేదో ఒకసారి చూసుకుంటారు. ఒకనాడు పాఠం రోడ్డుకు అవతలి భవనంలో పెట్టారు. బొమ్మను అక్కడికి చేర్చమని నిచ్చెనకు పురమాయించింది ఆవిడే. అతను దాన్ని ఆకుపచ్చ గుడ్డలో చుట్టి చంకలో పెట్టుకుని, సిగ్నలు మారుతోందని పరుగున రోడ్డు దాటాడు. గుడ్డలోంచి బొమ్మ కాలు ఒకటి బయటికి వేలాడుతోంది. ఎవరో మేడ మీద నిలబడి ఫోనులో తీశారు.

ఆసుపత్రి అంబులెన్సు ఊరి చివరి వంతెన దాటేలోపు ఆ వీడియో రెండు సముద్రాలు దాటింది. దాటి, అక్కడెక్కడో ఒక చానెల్‌లో కొత్త బట్టలు కట్టుకుంది. డప్పుల మోత, ఎర్ర అక్షరాలు, ‘సరిహద్దు దాటి వచ్చినవాళ్ళు మీ పిల్లల్ని ఇలా ఎత్తుకుపోతున్నారు’ అని ఒక గొంతు. అలా ముస్తాబై తిరిగివచ్చి, ఆ ఊళ్ళోనే ప్రతి ఫోనులోనూ కాపురం పెట్టింది.

మర్నాడు బస్సులో నిచ్చెనను గుర్తుపట్టారు. అంత పొడుగు మనిషిని గుర్తుపట్టడం ఏమంత గొప్ప. కాలరు పట్టి కిందికి లాగేశారు. చొక్కా చిరిగింది, పెదవి పగిలింది. అంతకన్నా అతన్ని కుంగదీసింది ఇంకొకటి. ఎదురుసీటులో ఎప్పుడూ తన పిల్లను అతని ఒళ్ళో కూర్చోబెట్టే ఆవిడ ఆ పిల్లను తన వెనక్కు లాక్కుంది. పెద్ద డాక్టరు పిలిచి, చల్లబడేదాకా ఇంటి దగ్గర ఉండమన్నాడు. ఎప్పటికి చల్లబడుతుందో చెప్పలేదు.

సిస్టరమ్మ నిచ్చెన వాళ్ళ గదికి వెళ్ళింది. సందు చివర, మెట్ల కింద ఒక గది. లోపల నిచ్చెన నిటారుగా నిలబడలేడు, నిలబడితే కప్పు మీద తల. అతని భార్యకు బీపీ ఉంది. ఇంట్లో కాన్పు కూడదని సిస్టరమ్మ ఎన్నోసార్లు చెప్పింది. ఆమె మాత్రం ఆసుపత్రి గడప తొక్కనంది.

“పొట్టతో లోపలికి పోతాను సిస్టరమ్మా. బిడ్డతో బయటికి వస్తాను. ఆ బిడ్డ ఎవరిదని అడుగుతారు,” అంది.

దానికి సిస్టరమ్మ దగ్గర మందు లేదు. ఉన్నదల్లా మాట ఒక్కటే. నీ కాన్పు నాటికి ఆ వీడియో ఎక్కడా లేకుండా చేయిస్తాను, నువ్వు మా వార్డులోనే కనాలి అని మాట ఇచ్చి వచ్చింది. అంత ధైర్యంగా ఇవ్వడానికి కారణం, ఆమె తమ్ముడు సరిగ్గా ఆ పని చేసే ఆఫీసులోనే ఉన్నాడు.

పదిహేడు దేశాలు కలిసి పెట్టుకున్న ఉమ్మడి ఆఫీసు అది. ఫోనుల్లో విషం చల్లేవాళ్ళను కలిసికట్టుగా పట్టుకోవాలని. ఊళ్ళోనే, ఇన్సూరెన్సు కంపెనీ పై అంతస్తులో. గోడ నిండా గడియారాలు, ఒక్కో దేశానికి ఒకటి. అందులో ఒకటి ఆగిపోయి ఉంది. దాన్ని బాగుచెయ్యడానికి ఆ దేశం మనిషే రావాలట. మూల కాఫీ మిషనుకు పదిహేడు మీటలు. ఏది నొక్కినా ఒకటే కాఫీ.

తమ్ముడు ఆమెను కూర్చోబెట్టి, కాఫీ పట్టించి, పద్ధతి వివరించాడు. చెడ్డ వీడియో దొరికితే యంత్రం దాని వేలిముద్ర తీస్తుంది. ఆ ముద్రను ఏ ఒక్క దేశం ఉమ్మడి సంచిలో వేసినా చాలు. ఇక ఆ వీడియో పదిహేడు దేశాల్లో ఎక్కడ తలెత్తినా యంత్రం నొక్కేస్తుంది. మరి సంచిలోంచి ముద్ర తియ్యాలంటే మాత్రం అందరూ ఒప్పుకోవాలి. లేకపోతే ఏదో ఒక దేశం తన దొంగలను తనే విడిపించుకుపోతుంది. ఆ నియమం కోసం పట్టుబట్టి అందరినీ ఒప్పించింది తనేనని చెప్పుకునేటప్పుడు తమ్ముడి ఛాతీ చొక్కా గుండీలను పరీక్షించింది.

“అక్కా, నువ్వు ఫిర్యాదు పంపు. మిగతాది నాకొదిలెయ్,” అన్నాడు.

“నీకొదిలేస్తే చిన్నప్పుడు పాలు పొంగిపోయినాయి. ఈసారి పొయ్యి దగ్గరే నిలబడు,” అంది సిస్టరమ్మ.

ఫిర్యాదు ఒక్కటే పంపితే ఆమె సిస్టరమ్మ ఎందుకవుతుంది. జబ్బు పేరు రాసి మందు రాయకుండా వదలడం ఆమె వల్ల కాదు. కొత్త నర్సు ఒకతెను ఫోను పట్టుకోమని, నిచ్చెనను వెనక వాకిలి నుంచి పిలిపించి, బొమ్మతో జవాబు వీడియో తీయించింది. నవ్వమంటే అతను పళ్ళ డాక్టరు ముందు కూర్చున్నట్టు నోరు తెరిచాడు. నవ్వొద్దంటే పోలీసు ఫోటోలా ఉన్నాడు. చివరికి అతన్ని అలా వదిలేసి, ఆమే మాట్లాడింది. ముందు ఆ విషపు వీడియో మొత్తం చూపించింది. తరవాత బొమ్మను చూపించి, దాని చెయ్యి వంచి, ఛాతీ నొక్కి, ఇదిగో ఇదే మీరు చూసిన బిడ్డ, దీన్ని రోడ్డు దాటించమన్నది నేను, తన్నాలనుకుంటే వచ్చి నన్ను తన్నండి అంది.

అది పనిచేసింది. తన్నడానికి ఎవరూ రాలేదు గానీ, ఊరు ఊరంతా ఒకరికొకరు పంపుకున్నారు. బస్సు కండక్టరు నిచ్చెన గది దాకా వచ్చి, రేపటినుంచి నా బస్సులో ఎక్కు, ఎవడు దింపుతాడో చూస్తాను అని చెప్పిపోయాడు. నిచ్చెన భార్య కూడా మెత్తబడింది. బట్టలు సంచిలో సర్దుకుంది.

సిస్టరమ్మ సంబరపడి, ఆఫీసుకు ఫిర్యాదు పంపింది. ఆసుపత్రి అలవాటు ఎక్కడికి పోతుంది. రోగి నెత్తురు సీసా, మందుల చీటీ ఒకే కవరులో పెట్టి, పైన రోగి పేరు ఒక్కటే అంటిస్తారు. ఆమె కూడా అలాగే విషపు వీడియో, తన జవాబు రెండూ కలిపి, పైన ‘పిల్లల దొంగ వీడియో’ అని ఒకే పేరు పెట్టి పంపింది.

మర్నాడు వార్డులో టీ తాగుతుండగా ఫోను పట్టిన కొత్త నర్సు వచ్చి, సిస్టర్, మన వీడియో లేదు అంది. ఎక్కడ లేదు అంటే, ఎక్కడా లేదు అంది. తమ ఊళ్ళో లేదు, పక్క దేశంలో లేదు, సముద్రాల అవతల లేదు. ఎవరు పంపినా మధ్యలోనే ఆవిరైపోతోంది. డప్పుల మోత వీడియో మాత్రం చెక్కుచెదరలేదు.

సిస్టరమ్మ డ్యూటీ అయీ కాకుండానే ఉమ్మడి ఆఫీసుకు పోయింది. తమ్ముడు అప్పటికే కంప్యూటరు ముందు చెమటలు కక్కుతున్నాడు. జరిగింది ఇది. ఫిర్యాదు వచ్చిన పూట డ్యూటీ వేరే దేశం వాళ్ళది. వాళ్ళకు ఈ భాష రాదు. ఒకే పేరు కింద రెండు వీడియోలు కనిపించాయి, ఒకటి చిన్నది, ఒకటి పెద్దది. పెద్దదాంట్లో చిన్నది పూర్తిగా ఉంది కదా, పెద్దదాన్ని పడితే చిన్నది కూడా దొరికినట్టే అని లెక్కవేసి, పెద్దదాని ముద్ర సంచిలో వేశారు. కుండను పట్టుకుంటే నీళ్ళు కూడా చేతికొచ్చినట్టే కదా అని. యంత్రానికి ఆ తర్కం తెలియదు. అది కుండను పగలగొట్టి నీళ్ళను వదిలేసింది.

“మరి ఇప్పుడు చిన్నదాని ముద్ర వెయ్యి,” అంది సిస్టరమ్మ.

వేశానన్నాడు తమ్ముడు. అయితే ఆ చానెల్ వాడు ఈలోగా దాన్ని అద్దంలో చూసినట్టు కుడిని ఎడమ చేసి మళ్ళీ పెట్టాడు. దాని ముద్ర వేస్తే పక్కకు వంచి పెట్టాడు. అది కూడా వేస్తే రంగు మార్చాడు. వాడు ఈ పదిహేడు దేశాల్లో లేడు, వాడి సామాను దాచిన కంప్యూటర్లు ఇంకో దేశంలో ఉన్నాయి, ఆ దేశం కూడా పదిహేడులో లేదు. వెంటపడటం తప్ప దారి లేదు.

“సరే, వాణ్ని వదిలెయ్. మన వీడియో విడిపించు.”

తమ్ముడు గోడ మీద ఆగిపోయిన గడియారం వంక చూశాడు.

“అందరూ ఒప్పుకోవాలక్కా,” అన్నాడు.

“ఆ నియమం పెట్టింది ఎవరురా?”

అతను చొక్కా గుండీ ఒకటి సర్దుకున్నాడు. నియమం మంచిదేనని, అది లేకపోతే ఎంత ప్రమాదమో చెప్పబోయాడు. ఆమె వినే స్థితిలో లేదు. అప్పటికి నిచ్చెన మళ్ళీ పనిలోకి తీసుకోమని అడగడానికి రెండో రోజు కండక్టరు బస్సెక్కి, అందులో డప్పుల వీడియో చూస్తున్న మనిషి పక్కన నిలబడవలసి వచ్చింది. తరవాతి స్టాపులో తనంతట తానే దిగి నడిచి వెళ్ళిపోయాడు. అతని భార్య సంచిలో సర్దిన బట్టలు మళ్ళీ తీసి తాడు మీద వేసింది.

ఒప్పుదల కోసం సమావేశం పెట్టారు. పొడుగు గది, ఇంకా పొడుగు బల్ల, గోడంత తెర. తెర మీద పదిహేడు గళ్ళు, గడికో ముఖం. సిస్టరమ్మను బాధిత పక్షం తరఫున ఒక మూల కూర్చోబెట్టి, చెవులకు తగిలించుకునే యంత్రం ఇచ్చి, అడిగితేనే మాట్లాడాలని చెప్పారు. ముందు జాగ్రత్తకు బొమ్మను కూడా సంచిలో తెచ్చుకుంది.

మొదటి సగం ‘ద్వేషం’ అంటే ఏమిటో తేల్చుకోవడంతో గడిచింది. ఒక దేశంలో తిడితే ద్వేషం, ఒక దేశంలో కొడితే ద్వేషం, ఇంకొక దేశంలో కొట్టినవాడు తనకు ద్వేషం ఉందని ఒప్పుకుంటే ద్వేషం. మూడు దేశాలు ఒక మాటకు వచ్చేసరికి నాలుగో దేశం భోజనానికి లేచింది. అది తిరిగి వచ్చేసరికి వీళ్ళు నిద్రవేళ అన్నారు. చివరికి జవాబు వీడియో తెర మీద వేశారు. సిస్టరమ్మకు ప్రాణం లేచివచ్చింది. ఇది చూశాక ఇంకేం మాట్లాడతారు అనుకుంది.

మెడకు పూసల గొలుసు వేసుకున్న ఒకావిడ చెయ్యెత్తింది. బిడ్డ ముఖం స్పష్టంగా కనిపిస్తోందనీ, మైనరు కాబట్టి ముఖం మసక చెయ్యనిదే తమ చట్టం ఒప్పుకోదనీ అంది.

“అది బొమ్మ మేడమ్,” అన్నాడు తమ్ముడు.

“బొమ్మ అని ఎవరు తేల్చారు?”

“ఈ వీడియోలోనే ఉంది.”

“ఇది నిషేధంలో ఉన్న వీడియో. నిషేధంలో ఉన్నదాన్ని సాక్ష్యంగా తీసుకోలేం. ముందు విడుదల కానివ్వండి.”

మిగతా గళ్ళలో తలలు ఊగాయి. ఒకాయన సందు దొరికిందని, ముఖం మసక చేస్తే తమకూ అభ్యంతరం లేదన్నాడు. తమ్ముడు ఆశగా అక్క వైపు తిరిగాడు. ముఖం మసక చేస్తే ఒప్పేసుకుంటారు, పోనీలే అన్నట్టు.

సిస్టరమ్మ అడిగితేనే మాట్లాడాలన్న సంగతి మరిచిపోయింది.

“ముఖం మసక చేస్తే అది నిజం బిడ్డ అయిపోతుంది కదయ్యా. మేం నెత్తీనోరూ కొట్టుకుని బొమ్మ అంటుంటే, మీరు దానికి ప్రాణం పోసి మావాడి చంకలో పెడతారా?”

అంటూ సంచిలోంచి బొమ్మను తీసి బల్ల మీద పడుకోబెట్టి, మెడ పట్టుకుని ఒక్క తిప్పు తిప్పింది. తల ఊడి చేతిలోకి వచ్చింది. శుభ్రం చెయ్యడానికి రోజూ ఆమె చేసే పనే అది. లోపలి స్ప్రింగు, గొట్టం అందరికీ కనపడేలా తెర ముందుకు జరిపింది. పదిహేడు గళ్ళలో పదిహేడు ముఖాలు వెనక్కి వాలాయి. ఒకాయన కుర్చీతో సహా పడిపోయాడని తరవాత తెలిసింది.

ఇక జరిగింది చెబితే కోతలంటారు. ఆ సమావేశాన్ని రికార్డు చేస్తున్న యంత్రం, ఆ రికార్డులో పసిబిడ్డ తల తియ్యడం చూసి, దాన్ని ఘోరమైన హింస కింద లెక్కగట్టి, ముద్ర తీసి తనే సంచిలో వేసేసింది. పదిహేడు దేశాల్లోనూ ఆ రికార్డు మాయమైపోయింది. రికార్డు లేని సమావేశం చెల్లదని ఇంకో నియమం. మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాలన్నారు.

గోరుచుట్టు మీద రోకటిపోటు అన్నట్టు, పెద్ద డాక్టరు ఆ వారమే నిచ్చెన చోటులో ఇంకొకరిని వేసుకున్నాడు. కొత్తవాడికి ఫ్యాను అందదు. సిస్టరమ్మ డ్యూటీకి ముందు ఒకసారి, డ్యూటీ అయ్యాక ఒకసారి మెట్ల కింద గదికి వెళ్ళి బీపీ చూసి వస్తోంది. చూసి, మాత్రలిచ్చి, ఇంకెంత, ఇవాళో రేపో తేలిపోతుంది అని చెబుతోంది. తమ్ముడు తనకు చెప్పిన మాటే ఆమె వాళ్ళకు చెబుతోంది. చెప్పేటప్పుడు ఆ ఇద్దరూ ఆమె ముఖం వంక చూడకుండా, ఆమెకు సిగ్గు కలగకూడదన్నట్టు నేల చూపులు చూసేవారు. అది ఆమెకు తన్నులకన్నా ఎక్కువ తగిలింది.

ఒక ఉదయం నొప్పులు వచ్చాయి. సిస్టరమ్మ అంబులెన్సు పిలుస్తానంటే, నిచ్చెన భార్య మంచం పట్టె రెండు చేతులా పట్టుకుని వదలలేదు. బతిమాలి, కసిరి, చివరికి ఓడిపోయి, సిస్టరమ్మ చేతులు పైదాకా కడుక్కుంది. జీవితమంతా లైట్ల కింద, పక్కన డాక్టరును పెట్టుకుని చేసిన పనిని ఆ కప్పు తగిలే గదిలో ఒంటిచేత్తో చేసింది. మధ్యాహ్నానికి మగబిడ్డ. తల్లి గట్టెక్కింది. బిడ్డ మాత్రం బరువు తక్కువ, ఒళ్ళు చల్లగా ఉంది, ఊపిరి ఆగి ఆగి వస్తోంది. వెచ్చటి పెట్టెలో పెట్టకపోతే సాయంత్రం దాకా ఆగడు. ఈ మాట విన్నాక తల్లి తీసుకుపొమ్మని చెయ్యి ఊపింది. ఆమె దగ్గర పక్కింటావిడను కూర్చోబెట్టారు.

అంబులెన్సు వచ్చింది గానీ సందులో పట్టదు. పెద్ద రోడ్డు మొదట్లోనే ఆగింది. అక్కడిదాకా నడవాలి.

సరిగ్గా అప్పుడే తమ్ముడు రొప్పుతూ వచ్చాడు. ఆఫీసు బిళ్ళ మెడలో ఊగుతోంది. శుభవార్త స్వయంగా చెప్పాలని వచ్చాడు.

“పదహారు దేశాలు ఒప్పుకున్నాయక్కా. ఒక్కరే మిగిలారు.”

“ఎవరు?”

అతను కొంచెం నసిగాడు. “మనవాళ్ళే. ఫైలు పైకి వెళ్ళింది. సారు ఊళ్ళో లేరట.”

ఇంకోరోజైతే సిస్టరమ్మ దానికి తగిన జవాబు చెప్పేది. ఇప్పుడు తన సంచి అతని చేతిలో పెట్టి, నడువు అంది. నిచ్చెన బిడ్డ కోసం వంగి చేతులు చాచాడు. మంచాలు, సిలిండర్లు, నడవలేని రోగులు, ఎన్నెన్ని మోసిన చేతులో అవి. బిడ్డ దాకా వచ్చి ఆగిపోయాయి. వాకిలి వైపు చూశాడు. బయట సందులో ఎండ, అరుగుల మీద మనుషులు.

“మీరే ఎత్తుకోండి సిస్టరమ్మా,” అన్నాడు.

“నీ బిడ్డరా వాడు,” అంది ఆమె.

“అందుకే.”

సిస్టరమ్మ బిడ్డను గుండెకు అదుముకుని నడిచింది. వెనక తమ్ముడు సంచితో. నిచ్చెన వాళ్ళతో రాలేదు. సందుకు అవతలి అంచున, వాళ్ళెవరో తనెవరో అన్నట్టు, భుజాలు కుదించుకుని, మోకాళ్ళు వంచి నడుస్తున్నాడు. అంత మనిషి పొట్టిగా కనపడాలని పడే అవస్థ చూడలేక తమ్ముడు తల తిప్పుకున్నాడు.

సందు మొదట్లో ఈమధ్యే కుట్టుమిషను పెట్టుకున్న ఒకావిడ లేచి వచ్చింది. మంచి మనిషే. గుడ్డ కాస్త తొలగించి బిడ్డను చూసి, ఎండ తగలకుండా తన చేతిలోని కొత్త గుడ్డముక్కను కప్పింది.

“ఇప్పుడే పుట్టినట్టున్నాడు, తల్లీ. వీళ్ళ నాన్నేడి?” అని అడిగింది.

సిస్టరమ్మ సందు అవతలికి చూసింది. నిచ్చెన మూసి ఉన్న ఒక దుకాణం ముందు ఆగి, దాని తాళాన్ని జీవితంలో మొదటిసారి తాళం చూస్తున్నవాడిలా పరీక్షగా చూస్తున్నాడు. వీపు ఇటు ఉంది. పదిహేడు దేశాల ముందు నిజం చెప్పడానికి జంకని మనిషి, కుట్టుమిషనావిడ ముందు గొంతు సవరించుకుంది.

“ఊళ్ళో లేడమ్మా,” అంది.

అంబులెన్సు ఎక్కారు. తలుపు పడింది, బండి కదిలింది. మలుపు తిరిగాక సిస్టరమ్మ చెబితే డ్రైవరు ఒక గోడ పక్కన ఆపాడు. కాసేపటికి నిచ్చెన నడుచుకుంటూ వచ్చి, ఇటూ అటూ చూసి, తల వంచి లోపలికి ఎక్కాడు. ముందు కిటికీ తెర లాగాడు. వెనకది కూడా లాగాడు. అప్పుడు చేతులు చాచాడు.